గంజి వార్చడానికి మూడు రాళ్ళు

మొన్నీమధ్య మా మనవరాలు, కాకినాడలో ఉద్యోగం చేస్తున్న మా అమ్మాయి కూతురు, స్నేహితురాళ్ళతో కలిసి మారేడుమిల్లి అడవిలో గుడారం వేసుకుని ఉండి వస్తానని చెప్పడానికి మండపేటలో మా ఇంటికి వచ్చి, వాళ్ళమ్మకి నచ్చజెప్పమని అడిగే ముందు నన్ను మంచి చేసుకోవాలని కాబోలు, ఫోను తెచ్చి నా చేతిలో పెట్టింది. అందులో ఎవరో కుర్రాడు కొండ పక్కన కూర్చుని, అరచేతిలో ఇమిడిపోయే గ్యాసు పొయ్యి మీద అన్నం వండుతూ, ప్రయాణాల్లో అన్నం వండుకోవడానికి ఎన్ని సులువులున్నాయో చెబుతున్నాడు. కప్పుతో కొలవమంటాడు, టైము చూసుకోమంటాడు, మంట తగ్గించమంటాడు. చెప్పేదాంట్లో తప్పేమీ లేదు, చూడడానికి ముచ్చటగానే ఉంది. "తాతయ్యా, మీరు లారీలో తిరిగేటప్పుడు ఇలాగే వండుకునేవారా?" అని అడిగింది. ఇంతకంటే బాగా వండుకునేవాళ్ళమని గొప్పగా మొదలుపెట్టాను గానీ, నాలుగు మాటలు చెప్పేసరికి మా బావగారి చేతులు గుర్తొచ్చి ఫోను తిరిగి ఇచ్చేశాను. ఆ పిల్లకి చెప్పలేకపోయిన మిగతా సంగతి ఇక్కడ రాస్తున్నాను. లారీ క్యాబిన్లో కిరసనాయిలు వాసన మధ్య అన్నం తిన్న నా ఈడు వాళ్ళెవరైనా ఉంటే వాళ్ళకి సగం చెప్పకుండానే అర్థమవుతుంది.

బావగారంటే మా పెద్దక్క భర్త. ఆయనకి సొంత లారీ ఉండేది, పాతది, కానీ ఆయన చేతిలో చెప్పిన మాట వినేది. నాకు లైసెన్సు వచ్చిన కొత్తలో, ఊరికే తిరుగుతున్నానని మా అక్క పోరు పెట్టగా పెట్టగా నన్ను రెండో డ్రైవరుగా పక్కన కూర్చోబెట్టుకున్నారు. మండపేట మిల్లుల్లో బియ్యం బస్తాలు ఎత్తుకుని ద్వారపూడి మీదుగా విశాఖపట్నం దాకా, ఒక్కోసారి మన్యం వైపు గొడౌన్లకి, వారంలో సగం రోజులు రోడ్డు మీదే ఉండేవాళ్ళం. మనిషి పొట్టిగా ఉండేవారు గానీ చేతులు మాత్రం ఆ ఒంటికి తగ్గట్టు ఉండేవి కావు, ఎవరో పెద్ద మనిషివి తెచ్చి అతికించినట్టుండేవి. ఆ రోజుల్లో స్టీరింగు తిప్పడమంటే రోట్లో పిండి రుబ్బడమే, భుజాలు పడిపోయేవి. నేను రెండు చేతులా వేలాడినా తిరగని చక్రాన్ని ఆయన ఒక చేత్తో తిప్పి రెండో చేత్తో చుట్ట వెలిగించుకునేవారు. అక్క ఇల్లు, ఇద్దరు పిల్లల చదువు, ముసలి అత్తగారి మందులు, అన్నీ ఆ రెండు చేతుల మీదే నడిచేవి.

ఆ చేతులే కొట్టేవి కూడా. ఉన్నమాట చెప్పుకోవాలి కదా. దారి ఇవ్వని బస్సు డ్రైవరుని కిందకి లాగి కొట్టడం, బస్తా జారవిడిచిన హమాలీ చెంప పగలగొట్టడం, సందు దొరికితే ఊళ్ళోవాళ్ళ తగాదాలోకి పిలవకుండా వెళ్ళి ఎటో ఒకవైపు చేరిపోవడం ఆయనకి మామూలు. తను కొట్టినంతా కొట్టించుకునేవారు కూడా, అందుకని ఎవరి మీదా పగ పెట్టుకునేవారు కాదు. కొట్టుకున్న మర్నాడే ఆ బస్సు డ్రైవరుతో కలిసి టీ తాగుతుంటే చూసి నాకు ఒళ్ళు మండేది. ఇంట్లో మాత్రం మా అక్క తిరిగి కొట్టేది కాదు గనక అక్కడ లెక్క ఎప్పుడూ ఒకవైపే ఉండేది. దానికి ఆయన మీద నాకు కోపం, పక్కన కూర్చుని పని నేర్చుకుంటున్నందుకు గౌరవం, రెండూ కలిసే ఉండేవి, విడదీయడం నాకు చేతనయ్యేది కాదు.

ఆయనకి ఇంకో పట్టుదల, గంజి వార్చిన అన్నమే తినాలి. కొలిచిన నీళ్ళు పోసి ఇగిరిపోయేదాకా మగ్గబెట్టే అత్తెసరు ఆయనకి పనికిరాదు, అది జ్వరం వచ్చినవాళ్ళకి, మడి కట్టుకున్న ముసలమ్మలకి అనేవారు. ఎసట్లో బియ్యం గలగలా ఉడకాలి, మెతుకు పట్టుకుంటే నలగాలి, గిన్నె వంచితే గంజి తెల్లగా పాలలాగా దిగాలి, ఆ గంజిలో ఉప్పు వేసుకుని ముందు ఒక గ్లాసు తాగాలి, ఆ తర్వాతే భోజనం. ఒకసారి ఇంట్లో పొయ్యి కట్టెలు తడిసి మా అక్క అత్తెసరు పెట్టేసిందని ముట్టుకోకుండానే కనిపెట్టి కంచం విసిరేశారు. అది మా అక్క కనుబొమ్మ మీద తగిలింది. ఆ మచ్చ ఆవిడ బతికినన్నాళ్ళూ ఉంది, బొట్టు పెట్టుకునేటప్పుడల్లా అద్దంలో కనిపించేది.

రోడ్డు మీద అన్నం వండుకోవడానికి వార్చడం ఒక్కటే మార్గం అనుకోకండి, నాకు వచ్చినవే చాలా ఉన్నాయి. అన్నిటికంటే సులువు ఊకబుట్ట. పెద్ద వెదురుబుట్టలో మిల్లు ఊక నింపి మధ్యలో గుంట చేసి, బియ్యం ఒక పొంగు రాగానే మూతపెట్టిన గిన్నెని గోనెపట్టాలో చుట్టి ఆ గుంటలో దించి పైన మళ్ళీ ఊక కప్పేస్తే, ఇక మంట అక్కర్లేదు, బండి నడుస్తూనే ఉంటుంది, అన్నం దానంతటదే మగ్గుతూ ఉంటుంది. ద్వారపూడిలో దించిన గిన్నె జగ్గంపేటలో తీస్తే పొగలు కక్కేది. గిన్నె చిన్నదై బియ్యం పొంగిపోతుందనుకుంటే, పల్చటి గుడ్డలో వదులుగా మూటకట్టి మరిగే నీళ్ళలో వేలాడదీసి, ఉడికాక మూట పైకెత్తి పిండుకోకుండా అలాగే కారనిస్తే మెతుకు మెతుకుగా వస్తుంది. ఏదీ కుదరకపోతే నానబెట్టిన అటుకుల్లో పెరుగు, పచ్చిమిరపకాయ. ఇవన్నీ నేను వండుకుని నేనే తినేవాణ్ణి. బావగారు మాత్రం బండి ఆపి, పొయ్యి పెట్టి, వార్చుకుని తినేవారు. ఆయన వంటకి కూర్చున్నారంటే ఎంత తొందర సరుకైనా ఆగాల్సిందే.

వార్చాలంటే గిన్నె నిలకడగా వంగాలి, దానికి పొయ్యి గట్టిగా ఉండాలి. అందుకని సీటు కింద ఎప్పుడూ మూడు ఇటుకలు పెట్టుకునేవాళ్ళం. మన డెల్టాలో రాయి దొరకదు కదా. పొలంలో ఎక్కడ తవ్వినా నల్లమన్నే, దాని కింద ఇంకా మెత్తటి మన్ను, బట్టలుతుక్కోడానికి బండ కావాలన్నా రాజమండ్రి నుంచి కొని తెచ్చుకోవాలి. రాయి కనిపిస్తే అది ఎవరో కొని తెచ్చినదో, లేదంటే దారి తప్పి వచ్చినదో అయి ఉంటుందని మాకు చిన్నప్పటి నుంచీ అలవాటు. పొలానికి హద్దు అంటే మాకు గట్టు. గట్టు మీద నడుస్తాం, గట్టు మీద కంది వేస్తాం, గట్టు చెక్కేశాడని తగాదా పడతాం. గట్టు లేని చోట హద్దు ఎలా ఉంటుందో మాలో ఎవరూ ఆలోచించి ఉండరు.

ఆ రోజు మన్యం వైపు గొడౌనుకి బియ్యం తీసుకెళ్తున్నాం. జగ్గంపేట దాటి ఏలేశ్వరం వైపు మెట్ట దారిలో పడ్డాక, ఒక ఎత్తు ఎక్కుతుండగా యాక్సిల్ ఫట్మని విరిగింది. ఊరి పేరు చెప్పను, అక్కడ ఇప్పుడు వాళ్ళ మనవలు కాపురాలు చేసుకుంటూ ఉంటారు. బండి నిండా బస్తాలు, రోడ్డేమో వాలు, బండి వెనక్కి జారడం మొదలుపెట్టింది. మా వైపు రోడ్లకి వాలన్నది ఉండదు గనక చక్రం కింద పెట్టడానికి మా దగ్గర కట్టె లేదు. బావగారు బ్రేకు మీద నిలబడి అరుస్తుంటే నేను దూకి, సీటు కింద ఇటుకలు లాగి వెనక చక్రాల కింద తోశాను. ఒకటి పిండి అయిపోయింది, మిగతా రెండూ బండిని పట్టుకున్నాయి. ఎదురుగా వచ్చిన బస్సు కండక్టరుని బతిమాలి జగ్గంపేటలో మెకానిక్‌కి కబురు పంపి, జీడిమామిడి చెట్టు నీడలో కూలబడ్డాం. మిట్టమధ్యాహ్నం. బావగారికి ఆకలి వేసింది.

ఊకబుట్టలో నా అన్నం ఉంది, తినండి బావగారూ అన్నాను. నువ్వు తినరా బామ్మర్దీ అని, గిన్నె, బియ్యం తీసుకుని ఆయన పొయ్యికి రాళ్ళు వెతుక్కుంటూ చేలోకి దిగారు. ఎర్రనేల, ఒకవైపు నువ్వులు, రెండోవైపు దున్ని వదిలేసిన చేను, రెండింటికీ మధ్య గట్టు లేదు. ఒకదాని తర్వాత ఒకటి, ఎడంగా, నున్నటి రాళ్ళు మూడు నేలలోంచి పైకి కనిపిస్తున్నాయి. కొబ్బరికాయల కంటే కొంచెం పెద్దవి, మూడూ ఒకే ఎత్తు, కొని తెచ్చుకున్నా అంత బాగా కుదరవు. ఆయన ఒక్కొక్కటీ అటూ ఇటూ ఊపి పీకి, సంకనేసుకుని తెచ్చి, మట్టి దులిపి, చెట్టు కింద పొయ్యి పెట్టారు. ఇంత మంచి రాళ్ళు ఊరికే పడున్నాయి చూడు, వీళ్ళ అదృష్టమే అదృష్టం అని మురిసిపోయారు. నేనూ అవునన్నాను. జీడి పుల్లలు చిటపటా మండాయి, ఎసరు మరిగింది, బియ్యం పడింది.

గంజి పైకి నురగలు కడుతున్న సమయంలో చేను అవతల అరుపు వినిపించింది. గునపం భుజాన వేసుకుని వచ్చిన ఒక మనిషి, రాళ్ళు పీకిన గుంటల దగ్గర వంగి చూసి, దున్నిన చేను చివర పాక పక్కన గడ్డి కోసుకుంటున్న ఇంకో మనిషి మీదకి పరిగెత్తాడు. పరిగెత్తినవాడు తమ్ముడు, పాక పక్కన ఉన్నవాడు అన్న అని తర్వాత తెలిసింది. అన్న లేచి నిలబడేలోపే తమ్ముడు గునపం వెనక మొనతో వీపు మీద పొడిచాడు. అన్న బోర్లా పడి, పడుతూనే చేతిలో కొడవలి వెనక్కి విసిరాడు. అది తమ్ముడి మోచేతి కింద కండ చీల్చింది. రక్తం ఆ ఎర్రమట్టి మీద పడితే రంగు కూడా తెలియలేదు. ఇద్దరూ ఒకరి గొంతు ఒకరు పట్టుకుని దొర్లుతున్నారు, తిట్టుకోవడం కూడా లేదు, రొప్పు మాత్రం వినిపిస్తోంది. తిట్టుకుంటున్నంతసేపూ భయం లేదు, మాట ఆగిపోయిందంటేనే చంపుకోబోతున్నారని మేం రోడ్ల మీద నేర్చుకున్నాం.

బావగారు ఇలాంటివి చూస్తూ కూర్చునే మనిషి కాదు. గరిటె పారేసి పరిగెత్తారు, వెనక నేనూ వెళ్ళాను. ఇద్దరి మెడలూ చెరో చేత్తో పట్టి కోడిపుంజుల్ని విడదీసినట్టు విడదీసి, ఏంటండీ ఇది, అన్నదమ్ముల్లా ఉన్నారు, ఏంటి గొడవ అని అడిగారు.

తమ్ముడు చేతి మీద రక్తం అదిమిపట్టుకుని రొప్పుతూ చెప్పాడు. "హద్దురాళ్ళు పీకేశాడండీ మా అన్న. ఆ హద్దు కోసమే మేమిద్దరం కొట్టుకుంటుంటే మా నాన్న అడ్డం వచ్చి తలకాయ పగిలి పోయాడండి. ఆయన దినం అయ్యాక పెద్దమనుషులు పాతించారండి వాటిని. ఏడాదన్నా తిరగలేదు, పీకి పారేశాడు."

"నేను పీకలేదు. మా నాన్న మీద ఒట్టు, నేను పీకలేదు" అన్నాడు అన్న.

బావగారి చెయ్యి పట్టుకుని నొక్కాను, మాట్లాడవద్దని. ఆయన నా వైపు చూడను కూడా లేదు. ఆ మొహంలో భయం లేదు, పోనీలే గొడవ తీరిపోయింది కదా అన్న సంతోషం ఉంది. "ఆ రాళ్ళా అండీ? అవి నేను తెచ్చుకున్నానండి, అన్నం వార్చుకోడానికి. అయిపోగానే మళ్ళీ పెట్టేద్దును. ఈయన్ని అనకండి పాపం. రండి, మీరు కూడా ఒక ముద్ద తిందురుగాని" అన్నారు.

అన్నదమ్ములిద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. తండ్రి పోయిన తర్వాత వాళ్ళు అలా చూసుకోవడం అదే మొదటిసారి అయి ఉంటుంది. తర్వాత ఇద్దరూ కలిసి మా బావగారి మీద పడ్డారు.

నేను ఎన్నో తన్నులాటలు చూశాను, కొన్నిట్లో ఉన్నాను. ఇది వేరు. వాళ్ళు ఆయన్ని కొట్టిన ప్రతి దెబ్బా ఒకరినొకరు కొట్టుకోవాలని ఇన్నాళ్ళూ దాచుకున్న దెబ్బ. పక్కటెముకల మీద తన్నారు, జుట్టు పట్టుకుని నేలకేసి బాదారు. ఆయన కూడా ఊరుకోలేదు, అన్న పన్ను ఒకటి ఊడిపోయింది. నేను మధ్యలో దూరితే తమ్ముడు గునపం అడ్డంగా పెట్టి గుండెల మీద తోశాడు, ఊపిరి అందక కూర్చుండిపోయాను. అలా ఈడ్చుకుంటూ ఈడ్చుకుంటూ మమ్మల్ని పొయ్యి దగ్గరికి తెచ్చారు. అన్న వెంట తెచ్చిన కొడవలిని బావగారి మెడ వెనక ఆనించి, నా వైపు తిరిగి, గిన్నె దించరా అన్నాడు. గోనెపట్టాతో పట్టుకుని దించాను. అప్పుడతను మూడు రాళ్ళనీ కాలితో నిప్పుల్లోకి తన్ని, అవి బొగ్గుల మధ్య దొర్లేదాకా చూసి, "ఇప్పుడు తియ్యి. ఎక్కడివి అక్కడ పెట్టు" అన్నాడు.

బావగారు భుజం మీద తువ్వాలు అందుకోబోతే తమ్ముడు లాగేశాడు. చల్లారనివ్వండి, పెట్టేస్తానని బావగారు అన్నారు, ఆయన నోట బతిమాలుకునే మాట నేను అంతకు ముందు వినలేదు. కొడవలి కొంచెం లోపలికి దిగింది. ఆయన వంగి ఒక రాయి రెండు చేతులా తీశారు. పచ్చి మిరపకాయ పెనం మీద పడ్డట్టు చుయ్యిమంది. ఒక్క కేక వేసి, ఆ తర్వాత పళ్ళు బిగపట్టి, గుంట దాకా నడిచి, రాయి దించారు. దించడానికి చేతులు విడిపోలేదు, రాయికి అంటుకుపోయిన చర్మం రాయితోనే ఉండిపోయింది. ఆ వాసన గురించి నేను రాయను. మళ్ళీ మెడ పట్టుకుని రెండో రాయి దగ్గరికి తెచ్చారు. ఆ చేతుల్ని చూస్తే నాకు మా అక్క కనిపించింది. ఆ చేతులు పోతే అక్క ఇల్లు లేదు, ఆ ముక్క నాకు అంత స్పష్టంగా అంతకు ముందెప్పుడూ తట్టలేదు. ఆయన రెండో రాయి తీశారు.

నా చేతుల్లో గిన్నె ఉందన్న సంగతి అందరూ మరిచిపోయారు. గంజి ఇంకా కుతకుతమంటోంది. బావగారు రాయి పట్టుకుని రెండడుగులు ముందుకి వేయగానే అన్న వీపు నాకు దొరికింది. గిన్నెడూ గుమ్మరించాను. మెడ నుంచి నడుం దాకా అన్నం, గంజి. అతను అరిచిన అరుపుకి జీడిచెట్టు మీద కాకులన్నీ లేచాయి. దానికి నాకు అప్పుడు బాధ కలగలేదు, ఇప్పుడూ లేదు. ఎవరైనా అడిగితే మళ్ళీ అదే చేస్తానంటాను. తమ్ముడు గునపం ఎత్తి నా భుజం ఎముక విరగ్గొట్టాడు. రెండోసారి తల మీదకి ఎత్తినప్పుడు, చేతులు పనికిరాని బావగారు పొట్టేలులా తలతో అతని పొట్టలో గుద్ది పడేశారు. ఇద్దరూ ఒలికిన అన్నం మీద దొర్లుతుండగా బస్సు ఆగింది. మెకానిక్, అతని వెనక బస్సులో జనమంతా దిగి మమ్మల్ని విడదీశారు.

కొట్టుకున్న నలుగుర్నీ ఒకే బస్సులో ఆస్పత్రికి తీసుకెళ్ళారు. అన్న సీటు మీద బోర్లా పడుకుని మూలుగుతున్నాడు. తమ్ముడు పక్కనే కింద కూర్చుని, అన్న వీపు మీద అతుక్కున్న మెతుకుల్ని ఒక్కొక్కటే తీస్తున్నాడు. నేను భుజం పట్టుకుని వాళ్ళని చూస్తూ కూర్చున్నాను. కొంత దూరం పోయాక తమ్ముడు తలెత్తి, కోపంగా కాదు, నిజంగా తెలుసుకుందామన్నట్టు మా బావగారిని అడిగాడు, "అవి మీకు ఉత్త రాళ్ళలాగే కనబడ్డాయా అండీ?"

"మా ఊళ్ళో రాళ్ళుండవండి" అన్నారు బావగారు.

అతను తల ఊపి మళ్ళీ మెతుకులు ఏరడం మొదలుపెట్టాడు. పోలీసులు పెట్టిన కేసుని తర్వాత రెండు వైపులా పెద్దలు కూర్చుని రాజీ చేశారు. ఆ అన్నదమ్ములు కలిశారో, మళ్ళీ కొట్టుకున్నారో నాకు తెలియదు, ఆ దారిన ఎన్నోసార్లు బండి నడిపాను గానీ ఆ చేను వైపు చూడబుద్ధి కాలేదు.

బావగారి చేతులు మాత్రం రాలేదు. రాజమండ్రిలో పెద్ద డాక్టరు చూశారు, ఇంట్లో మా అక్క సున్నపుతేట, కొబ్బరినూనె కలిపి గిలక్కొట్టి నెలల తరబడి రాసింది. పుళ్ళు మానాయి గానీ అరచేతుల చర్మం దగ్గరికి లాక్కుపోయి వేళ్ళు సగం ముడుచుకుని ఉండిపోయాయి. స్టీరింగు పట్టుకోడానికి వీలుపడలేదు. భుజం నయమయ్యాక నేనే డ్రైవరునయ్యాను, ఆయన ఎడమ పక్క సీటులో కూర్చునేవారు. అక్క ఇల్లు అలా గడిచింది. దారిలో ఊకబుట్టలో అన్నం పెడితే మాట్లాడకుండా తినేవారు, గంజి ఊసు ఎత్తేవారు కాదు. కాలిన తర్వాత బావగారు శాంతించారని చుట్టాలు అనేవారు. నేను ఒప్పుకోను. కోపం అలాగే ఉంది, విసరడానికి వేళ్ళు లేవు, అంతే.

ముడుచుకుపోయిన వేళ్ళకి స్పర్శ కూడా పోయింది. కట్లు విప్పాక మొదటిసారి తన చేత్తో తను కలుపుకుని తిన్న రోజు, పొయ్యి మీద నుంచి దించిన అన్నం వేడి తెలియక పెద్ద ముద్ద నోట్లో పెట్టుకుని, నాలుక బొబ్బలెక్కి, కళ్ళ నీళ్ళు పెట్టుకున్నారు. ఆ పూట నుంచి మా అక్క ఆయన కంచంలో అన్నం వడ్డించి, తన వేలు ఆ అన్నంలో గుచ్చి చూసి, తినండి అని చెప్పేది. ఏ అన్నం కోసం కంచం విసిరారో ఆ అన్నం దగ్గర, విసిరిన మనిషే కంచం ముందుకి జరిపి "వేడిగా ఉందేంటి?" అని ప్రతి పూటా అడిగేవారు. ఆవిడ కనుబొమ్మ మీద మచ్చ ఆయనకి ఎదురుగా ఉండేది. క్షమించమని ఆయన అడగగా నేను వినలేదు, పర్వాలేదని ఆవిడ అనగా కూడా వినలేదు. ఆ ఒక్క మాటే వాళ్ళిద్దరి మధ్య రోజుకి రెండుసార్లు, ఆవిడ పోయేదాకా నడిచింది.

అక్క పోయాక మధ్యాహ్నం భోజనానికి మా ఇంటికి వచ్చేవారు. నా పక్కన కూర్చుని, వడ్డించగానే కంచం నా వైపు జరిపేవారు, నేను వేలు పెట్టి చూసి, తినొచ్చు బావగారూ అనేవాణ్ణి. మా ఇంట్లో పిల్లలకి ఇది వింతగా ఉండేది, ఒకరి కంచంలో ఇంకొకరు చెయ్యి పెట్టడం ఏంటని. వాళ్ళని అనడానికి లేదు. ఇప్పుడు ఎవరి టైముకి వాళ్ళు వస్తారు, కుక్కరులో ఉన్నది వడ్డించుకుంటారు, చెంచాతో తింటారు, ఫోను చూసుకుంటారు. లారీలవాళ్ళు కూడా రోడ్డు మీద పొయ్యి పెట్టడం మానేశారు, అడుగడుగునా హోటళ్ళు, పొగలు కక్కే బిర్యానీ క్షణంలో వస్తుంది. సుఖమే, కాదనను. ఆకలి తీరడానికి ఇప్పుడు ఎవరి పొలంలోకీ దిగక్కర్లేదు, ఎవరి మీదా గంజి పొయ్యక్కర్లేదు.

కిందటి వానాకాలంలో బావగారు పోయారు. కర్మ రోజు రాజమండ్రి రేవులో మా మేనల్లుడు తడిబట్టలతో కూర్చుని, మూడు ఇటుకల మీద చిన్న గిన్నె పెట్టి తండ్రికి పిండాల అన్నం వండాడు. దించి విస్తరిలో వేయగానే పొగలు లేచాయి. పురోహితుడు గారు మంత్రం అందుకోబోతుంటే నేను వంగి ఆ అన్నంలో వేలు గుచ్చాను.

"ముట్టుకోకూడదండి" అన్నారాయన.

"చాలా వేడిగా ఉందండి. ఆయనకి తెలియదు. కాసేపు ఆగండి" అన్నాను.

మేనల్లుడు తల వంచుకున్నాడు. పురోహితుడు గారు నా మొహంలోకి చూసి మంత్రం ఆపేశారు. గోదావరి మీద నుంచి గాలి వస్తోంది. అన్నం చల్లారేదాకా అందరం అలాగే ఆగాం. ఇప్పుడు మా ఇంట్లో ఎవరి అన్నం వేడి వాళ్ళే చూసుకుంటున్నారు.